వెర్నా కొన్న పిలుపుగొట్టం

వెర్నా నలభై ఏళ్లు బడిపిల్లలకు మధ్యాహ్నభోజనం వండింది. ఏ పిల్లాడి పళ్లెంలో బఠాణీలు మిగిలాయో ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకునే మనిషి, మరిది చేసింది మరిచిపోతుందా?

భర్త ఐనార్ పోయిన మూడోవారమే మరిది డెల్మార్ సర్వేయరును పిలిపించి ఇద్దరి నేలల మధ్య సరిహద్దు కొలిపించాడు. ఐనార్ తన చేతులతో వేటమంచె కట్టుకున్న ఓక్ చెట్టు రెండడుగుల తేడాతో డెల్మార్ వైపు తేలింది.

"వేటలు నీకెందుకు వదినా, చక్కగా కేకులు చేసుకోక!" అన్నాడు, చర్చిలో కాఫీల దగ్గర, పదిమంది ముందు. పదిమందీ నవ్వారు.

ఈ ఏడు ఆ మంచె మీంచి వాడికి ఒక్క జింక దక్కకూడదు. వెర్నా పంతం అదీ.

నవంబరులో, మగజింకలు జోడు కోసం మతిచెడి తిరిగే రోజుల్లో, ఆమె గుంథర్ వేటసామాన్ల దుకాణానికి వెళ్లింది. మగజింకలా గుర్రుమనే గొట్టాలు బల్లమీద పరిచి, ఒక్కొక్కటే స్పిరిటుతో తుడిచి అందించాడతను. మొదటిది ఊదితే బాతు అరిచినట్టయింది. రెండోదానికి కట్టుడుపళ్లు కదిలాయి. గాలాలు బేరమాడుతున్న ఇద్దరు మొహం అటు తిప్పుకుని, నవ్వాపుకోలేక భుజాలు కుదిపారు. మూడోది మాత్రం బల్ల అదిరేలా మోగింది.

"అది వద్దమ్మా," అన్నాడు గుంథర్. "ముసలి పోతుజింక గొంతు. అది వింటే కుర్రజింకలు పరుగో పరుగు. నీకొక్కటీ చిక్కదు."

"చిక్కొద్దు నాయనా. కట్టివ్వు."

వేట మొదలైన రోజు పొద్దున్నే వేటగాళ్ల కంటపడేలా నారింజరంగు కోటు తొడుక్కుని, కంచెకు తన వైపున పీట వేసుకుని కూర్చుంది. తుపాకి తేలేదు. వచ్చింది చెడగొట్టే పనికి కదా! ఊదింది. అవతల పొదల్లోంచి రెండు కుర్రజింకలు తెల్లతోకలెత్తి పారిపోయాయి. మంచె మీంచి డెల్మార్ బూతు వినిపించింది. ఆ బూతు ఆమె చెవికి పాటలా తగిలింది. మళ్లీ ఊదింది.

నా అడవిలో నన్నెదిరించేదెవడన్నట్టు, ఈసారి ఆ ప్రాంతాన్నేలే పెద్ద పోతుజింకే బయల్దేరింది. ఎండుచెట్టంత కొమ్ములు. కంచె దూకి, ఆమెకు ఇరవై అడుగుల్లో ఆగింది. వెర్నాకు చెమటలు పట్టాయి.

అప్పుడు తలెత్తి చూసింది. డెల్మార్ తుపాకి ఎత్తుతున్నాడు, దించుతున్నాడు. జింక ఉన్నది ఆమె నేల మీద. పైగా దాని వెనకాలే వదిన. కాల్చడానికి లేదు.

వెర్నా భయం ఎగిరిపోయింది. జింక కదలబోయినప్పుడల్లా గొట్టాన్ని చిన్నగా గుర్రుమనిపించింది. అది ఆగింది. అరగంట అలాగే నిలబెట్టింది.

"నువ్వైనా కాల్చు వదినా!" చివరికి డెల్మార్ గొంతు చీలింది. "నీ కాళ్లు మొక్కుతా, కాల్చు!"

ఆ కేకకు జింక ఒక్క దూకులో మాయమైంది.

డెల్మార్ దిగివచ్చి కంచె పట్టుకుని నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు. వెర్నా ఫ్లాస్కు తీసి కాఫీ పోసుకుని, తీరిగ్గా ఒక గుక్క తాగింది.

"నువ్వు అరవకపోతే ఇంకా నిలబడేదే మరిదీ," అంది. "రేపూ వస్తానులే."