మొదటి గంట

మా ఆయనకు కిడ్నీలు పాడయ్యాక ఇంట్లో నీళ్ళకు నేనే కాపలాదారును. పొద్దున ఒక చిన్న సీసా నింపి ఇచ్చేదాన్ని. మాత్రలు మింగినా అందులోంచే, చాయ్ తాగినా అందులోంచే తగ్గించుకోవాలి. పండ్లు వద్దు, ఉప్పు వద్దు, పచ్చడి వద్దు, కొబ్బరినీళ్ళ పేరే ఎత్తొద్దు. మాది ఉప్పుగూడలో పాల వ్యాపారం. జహనుమా దాకా ఇంటింటికీ పాలు పోసి వచ్చే మనిషి ఆయన. దారిలో ఆగిన ప్రతిచోటా ఏదో ఒకటి నోట్లో వేసుకోకపోతే పొద్దుపోయేది కాదు. ఇరానీ హోటల్లో సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ తాగే చాయ్ దగ్గర నుంచి బండి మీద మిర్చి బజ్జీ దాకా అన్నీ ఇష్టమే. అలాంటి మనిషి ముందు ఉప్పు లేని పప్పు పెట్టి తినమంటే, తినేవాడికంటే పెట్టేదానికే ఎక్కువ బాధ.

మంగళవారం, శుక్రవారం డయాలసిస్. మేం వెళ్ళే ఆసుపత్రిలో ఒక వెసులుబాటు ఉండేది. మిషన్ మీద పడుకున్న మొదటి గంటలో, వద్దన్నవి కూడా కొంచెం తినొచ్చు. తిన్నది, తాగింది మిషనే లాగేస్తుందని సిస్టర్ చెప్పింది. అన్నిచోట్లా ఒప్పుకోరట. ఎంత తినాలో ఆమెనే అడగాలి, అంతకు మించి ఒక్క ముక్క పెట్టనివ్వదు. అందుకని సూదులు గుచ్చడం అయ్యీ కాకముందే మంచాల పక్కన డబ్బాల మూతలు లేచేవి. ఆ గంటసేపు ఆ హాలు పెళ్ళివారి విడిదిలా ఉండేది. తర్వాత ఎవరి ముఖం వాళ్ళు తిప్పుకుని పడుకునేవాళ్ళు.

మొదట్లో ఫ్లాస్కులో చాయ్ తీసుకెళ్ళేదాన్ని, సాసర్‌తో సహా. కొన్నాళ్ళకు అదీ చాలలేదు. వానాకాలంలో ఒక శుక్రవారం పొద్దున ఆటో వచ్చి వాకిట్లో ఆగినా ఆయన మంచం దిగలేదు.

“ఇగ నాతోని కాదు. నేను రాను. నన్ను గిట్లనే ఉండనియ్యి,” అన్నాడు.

నాకు ముందు కోపం వచ్చింది. నాకు ఎప్పుడైనా ముందు కోపమే వస్తుంది, భయం దాని వెనకాల వస్తుంది. ఒంట్లో నీళ్ళు చేరి ఊపిరాడక కూర్చుంటే నేనెవరికి చెప్పుకోవాలని గల్లీ అంతా వినేలా అరిచాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అరిస్తే లేచే మనిషి కాదని నాకు తెలుసు. వెళ్ళి మంచం పట్టె మీద కూర్చున్నాను. ఏం చెప్పాలో తోచక నోటికొచ్చింది అనేశాను.

“సీతాఫలాలొస్తున్నయి. గవి తినకుండనే పోతవా?”

మెల్లగా ఇటు తిరిగాడు. తర్వాత లేచి చొక్కా తెమ్మన్నాడు.

అప్పటి నుంచి నాకు అదే పని. సీతాఫలం మన చెప్పుచేతల్లో ఉండే పండు కాదు. ఇవాళ రాయిలా ఉంటుంది, రేపు ముట్టుకుంటే విచ్చిపోతుంది. బుధవారం పండితే నాకేం లాభం? కళ్ళు విచ్చిన కాయ చూసి తెచ్చి బియ్యం డబ్బాలో దాచి, పొద్దునా సాయంత్రం తీసి ఒత్తి చూసుకునేదాన్ని. మంగళవారం పొద్దున మెత్తగా చేతికి తగిలితే, నిజం చెప్తున్నా, పరీక్ష పాసైనంత సంతోషం.

హాల్లో ఆయన పండు అందుకుంటూ ఎక్కడ తెచ్చావని అడిగేవాడు. అడగడమే ఆలస్యం, మొదలుపెట్టేదాన్ని. స్టేషన్ దగ్గర గంపల వాళ్ళు నన్ను చూస్తేనే గంప మీద గుడ్డ కప్పుతారు. ఒత్తి చూడకుండా కొనడం నాకు రాదు, ఒత్తనివ్వడం వాళ్ళకు రాదు. చార్మినార్ వైపు ఒక బండి భాయ్ అయితే, తీసుకుంటే తీసుకో, పండ్లను మాత్రం పిసక్కమ్మా అని చేతులెత్తి దండం పెట్టాడు. నేను నాకొచ్చిన ఉర్దూలో వాదనకు దిగితే చుట్టూ జనం పోగయ్యారు. అతను ఎలా కళ్ళు పెద్దవి చేశాడో, నేను ఎలా సంచి విదిలించి వచ్చేశానో, మళ్ళీ అతనే ఎలా వెనక్కి పిలిచాడో, అంతా చేసి చూపించేదాన్ని. పక్క మంచం ఆయన కూడా ఇటు తిరిగి వినేవాడు. సిస్టర్ వచ్చి గొంతు తగ్గించమనేది.

సీతాఫలాలు అయిపోయాక రేగుపళ్ళు వస్తాయన్నాను. తర్వాత ముంజలు. ఆ తర్వాత మామిడిపండ్లు. ప్రతిసారీ సరే, అవి కూడా చూసి పోదామనేవాడు. నవ్వుతూనే అనేవాడు. నేనూ నవ్వేదాన్ని. లోపల మాత్రం ఇంకా ఏ కాలానికి ఏం కాస్తుందా అని వెతుక్కునేదాన్ని.

మామిడిపండ్ల కాలంలో ఒక శుక్రవారం. ముందురోజు పండ్ల కోసం వెళ్ళి లాడ్ బజార్‌లో పెళ్ళి గాజులకొచ్చిన జనం మధ్య ఇరుక్కున్నాను. పండ్లు నలిగిపోతాయని సంచి నెత్తిన పెట్టుకుని, అందరినీ తిట్టుకుంటూ బయటపడ్డాను. అదంతా చెప్తుంటే ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. ముక్కలు కోసి పెడితే ఒకటి తిన్నాడు, రెండోది తిన్నాడు. సిస్టర్ చాలంది. డబ్బాలో మిగిలిన ముక్క నేను నోట్లో వేసుకున్నాను. పళ్ళు జివ్వుమన్నాయి. చింతకాయ నయం, అంత పులుపు.

పుల్లగా ఉందని చెప్పొచ్చు కదా, ఎలా మింగావని కసిరాను. ఆయన నా వైపు చూసి, దొరికిపోయినట్టు ముఖం పెట్టాడు.

“నాకు రుచి తెల్వక మస్తు దినాలాయె,” అన్నాడు. “ఏది పెట్టినా నోట్ల ఇనుము పెట్టినట్టే ఉంటది. సీతాఫలం గూడ గంతే.”

మరి ఎందుకొస్తున్నావని అడిగాను.

“నువ్వు బజారుకు పోయొచ్చి చెప్తవు సూడు. గది ఇనేటందుకు వస్తున్న.”

నాకు ఏడుపొచ్చింది. ముందుగా కోపం రాకపోవడం అదే మొదటిసారి. నాది పెద్ద నోరని పెళ్ళయిన నాటి నుంచి వింటున్నాను. ఆ నోటి మాట కోసం ఆయన వారానికి రెండుసార్లు ఆ లావు సూదులకు చేయి చాపాడు.

ఆ తర్వాత రుచి కోసం వెతికి కొనడం మానేశాను. ఎక్కడ లొల్లి ఎక్కువగా అవుతుందో అక్కడికి వెతుక్కుని మరీ వెళ్ళాను. చిన్న మాటను పెద్దది చేసి తీసుకొచ్చాను. ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. పండును నాలుక మీద పెట్టుకుని, చెప్పు అన్నట్టు తల ఊపేవాడు.

వానలు మొదలయ్యాక ఒక మంగళవారం తెల్లవారుజామున ఇంట్లోనే పోయాడు. నిద్రలోనే గుండె ఆగిపోయింది. వంటింట్లో ఫ్లాస్కు కడిగి బోర్లించి ఉంది. ఎనిమిదింటికి ఆటో వచ్చి వాకిట్లో హారన్ కొట్టింది. నేనే బయటికి వెళ్ళి చెప్పాను.

ఈ మధ్య సీతాఫలాలు వచ్చాయి. కొనాలని అనుకోలేదు. స్టేషన్ ముందు నుంచి వస్తుంటే గంపామె నన్ను చూసి గుడ్డ కప్పింది. నాకు ఒళ్ళు మండింది. గుడ్డ లాగేసి కూర్చుని ఒక్కో కాయా ఒత్తాను. ఆమె నా చేతిలోంచి గుంజుకుంది, నేను మళ్ళీ తీసుకున్నాను. రైలు దిగిన వాళ్ళు ఆగి చూశారు. ఒక పెద్దాయన ఆమె తరఫున మాట్లాడబోయి నా చేత నాలుగు తిట్లు తిని వెళ్ళిపోయాడు. చివరికి ఆమె నవ్వేసి, తీసుకుపో తల్లీ, రేపు మాత్రం ఇటు రాకు అంటూ ఇంకో పండు సంచిలో పడేసింది. గెలిచానని పొంగిపోతూ గబగబా ఇంటికి నడిచాను. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో, పెద్దాయన ముఖం ఎలా చేసి చూపించాలో దారంతా అనుకుంటూనే ఉన్నాను.

ఇంటి తాళం తీస్తుంటే గుర్తొచ్చింది.

చాలాసేపు గడప దగ్గరే నిలబడ్డాను. తర్వాత లోపలికి వెళ్ళి, సంచి కింద పెట్టి, ఆయన మంచం పట్టె మీద కూర్చున్నాను. గంప మీద గుడ్డ కప్పిన దగ్గర నుంచి మొత్తం చెప్పాను.