పొడి ఇసుకలో బంతి

పొడి ఇసుకలో బంతి ఎగరదు. పడిన చోటే చతికిలబడుతుంది. ఇంత చిన్న సంగతి నా బుర్రకెక్కడానికి తొమ్మిదేళ్లు పట్టింది, అదీ నలుగురిలో పరువు పోయాక. ఆటల టీచరునని మెడలో ఈల వేసుకుని తిరిగే మనిషిని, నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి? తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

మాది బుచ్చిరెడ్డిపాలెం. వడ్లు, మిల్లులు తప్ప మరో లోకం తెలియకుండా పెరిగాను. ఉద్యోగం మాత్రం వాకాడు దాటాక, సముద్రం అంచున ఉన్న హైస్కూల్లో వచ్చింది. అక్కడ పిల్లలున్నారు, బంతులున్నాయి, గ్రౌండు లేదు. స్కూలు వెనక రొయ్యల చెరువు, ముందు రోడ్డు. ఆటల పీరియడ్ అంటే అందరం ఒడ్డుకు పోవడమే. అలలు తడిపి పోయే గట్టి ఇసుకను మగపిల్లలు క్రికెట్టు కోసం ఎప్పుడో ఆక్రమించుకున్నారు. ఆడపిల్లలకు మిగిలింది పైనున్న మెత్తటి పొడి ఇసుక. గట్టి నేలలో సగం ఇవ్వమని ఒకసారి అడిగాను, వాళ్లు పళ్లికిలించారు, సరేలే అని ఊరుకున్నాను. నాకు ముక్కు మీద కోపం అంటారు గానీ, రావలసిన చోట ఆ కోపం రాలేదు. రెండు సర్వి చెట్టు కట్టెలు గోల్‌గా పాతి, వాటికి చిరిగిన వల ఒకటి కట్టి ఫుట్‌బాల్ మొదలుపెట్టాం.

జాలరి ఇంటి పిల్ల ఒకతి ఎనిమిదో తరగతిలో గోల్ దగ్గరకు వచ్చి నిలబడింది. పరుగెత్తడానికి బద్ధకమేసి నిలబడింది, అంతే. కానీ ఆ చేతులు చూస్తే మతి పోయేది. ఎటు తన్నినా బంతి వచ్చి వాటిలో కూర్చునేది. ఎవరు నేర్పారే అంటే మా నాయన అంది. పడవ ఒడ్డుకు వస్తూనే వాళ్ల నాయన తాడు చుట్ట విసిరేవాడట. ఆరేళ్లప్పటి నుంచీ దాన్ని పట్టుకోవడం ఈ పిల్ల పని. తడిసిన తాడు, మోయలేనంత బరువు, పైగా పడవ ఊగుతుంటే ఎటు వచ్చి పడుతుందో తెలియదు. జారవిడిస్తే తిట్లు. నాలుగేళ్లు శిక్షణ ఇచ్చినా నేను తేలేని చేతులు ఆ తిట్ల వల్ల వచ్చాయి.

పిల్ల పదో తరగతిలో ఉండగా కబురొచ్చింది. పదిహేడేళ్ల లోపు ఆడపిల్లల అంతర్జాతీయ పోటీలకు మన దేశం జట్టును తయారు చేస్తున్నారు, రాష్ట్రాల్లో పిల్లల్ని ఎంచుతున్నారు అని. మా జిల్లా నుంచి గోల్‌కీపర్లమని వచ్చింది ముగ్గురే. చేతులతో నాలుగు బంతులు విసిరి చూసి మా పిల్లను రాష్ట్రం సెలెక్షన్‌కు పంపించారు. నేను అప్పుడే గాల్లో తేలిపోయాను. స్టాఫ్ రూములో అందరికీ మిఠాయి పంచాను కూడా.

ఆ సెలెక్షన్ ఎర్రమట్టి గ్రౌండులో జరిగింది. రాయిలాంటి నేల. మధ్య నుంచి ఎవరో బంతిని ఎత్తుగా కొట్టారు. అది పిల్లకు నాలుగడుగుల ముందు పడింది. పిల్ల తాపీగా వంగి, కాళ్ల దగ్గర చేతులు పెట్టి ఎదురుచూసింది. బంతి దాని తల మీదుగా ఎగిరి గోల్లోకి పోయింది. చుట్టూ నవ్వారు. నేను కంగారుపడి కేక వేశాను. పది నిమిషాలకు మళ్లీ అలాంటి బంతే వచ్చింది, మళ్లీ అలాగే వంగింది, మళ్లీ పోయింది. ఈసారి ఎవరూ నవ్వలేదు, అది ఇంకా ఘోరం. చేతులు బాగున్నాయి, వచ్చే జూన్‌లో ఇంకోసారి చూస్తాం అన్నాడు అక్కడి కోచ్. తర్వాత నా వైపు తిరిగి, ఈ అమ్మాయికి ఎవరు నేర్పించారండీ అని అడిగాడు. నేను మెడలో ఈలను గుప్పిట్లో దాచుకున్నాను.

బస్సులో ఆ కోపమంతా పిల్ల మీద చూపించాను. అంత లావు బంతి కనబడలేదా, నిద్రపోతున్నావా, నా పరువు గంగలో కలిపావు గదే అని నెల్లూరు వచ్చేదాకా వాయించాను. అది కిటికీ వైపు తల తిప్పుకుని అంతా విన్నది. చివరికి చిన్న గొంతుతో అంది.

"అది లేస్తాదని నాకు తెలీదు మేడం."

దానికెలా తెలుస్తుంది? అది జీవితంలో ఆడిందంతా నేను చూపించిన పొడి ఇసుకలోనే.

వాళ్ల నాయన దగ్గరికి వెళ్లి తప్పు నాదని చెప్పుకున్నాను. ఆయన వల బాగుచేసుకుంటూ, తలెత్తకుండా విన్నాడు. పదో తరగతి అయ్యాక చదువు మాన్పించి, వాళ్లమ్మతో ఎండు చేపల పనిలో పెట్టాలని ఆయన అప్పటికే అనుకున్నాడు. పెద్దమ్మాయినీ అలాగే మాన్పించాడు. జూన్ దాకా ఆగమని బతిమాలాను. ఆ జట్టులోకి వెళ్లి బాగా ఆడిన పిల్లల్ని హాస్టల్లో పెట్టి ఆటా, చదువూ రెండూ చూసుకుంటారని కోచ్ చెప్పిన మాట కూడా చెప్పాను. ఆయన దారం కొరికి అప్పుడు తలెత్తాడు.

"ఆ ఆట అయిందాకా ఆగుతా మేడం. హాస్టలు వాళ్లు పిలిస్తే పోతాది, పిలవకుంటే ఇంట్లో ఉంటాది. మళ్లా వచ్చి నన్ను అడగబాకండి."

గట్టి నేల కావాలి. మండలంలో ఎక్కడ చూసినా చెరువులు, ఇసుక. అప్పుడు గుర్తొచ్చింది మా ఊళ్లో మా అన్న రైస్‌మిల్లు. ఉడకబెట్టిన వడ్లు ఆరబోయడానికి దాని వెనక ఎకరం పైన సిమెంటు కళ్లం ఉంది. పదో తరగతి పరీక్షలయ్యాయి, సముద్రంలో వేట నిషేధం మొదలైంది, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. వాళ్ల నాయనే పిల్లను బుచ్చికి తెచ్చి దించి, మిల్లంతా ఒకసారి తిరిగి చూసి వెళ్లిపోయాడు.

తెల్లవారుజామున వడ్లు పోసేలోపు, సాయంత్రం ఎత్తేశాక, ఆ రెండు పూటలే కళ్లం మాది. మొదటి రోజు బంతి వేస్తే పిల్ల బెదిరిపోయింది. సిమెంటు మీద అది ప్రాణమున్నట్టు ఎగిరేది. దూకితే మోచేతులు చెక్కుకుపోతున్నాయని ఊక బస్తాలు పరిచాం. లేచేలోపన్నా పట్టు, లేచి దిగేదాకా అన్నా ఆగు, మధ్యలో నిలబడ్డావా పోయావు అని రోజుకు నూరుసార్లు అరిచేదాన్ని. వడ్లు తిరగేసే ఆడవాళ్లు నా మాట నేర్చుకుని, వాళ్లూ అరిచేవాళ్లు. మా అన్న మాత్రం ఇది మిల్లా, స్టేడియమా అని సణిగేవాడు. బంతి వడ్ల రాశిలో పడిందంటే ఇంటి గోడలు అదిరేలా కేకలు.

ఒకరోజు వదిన పిల్ల కోసమని చెరువు చేపలు పులుసు పెట్టింది. పిల్ల ఒక ముద్ద తిని ఆపేసింది. బురద వాసన అని నిజం చెప్పేసింది. మా అన్నకు రోషం వచ్చింది. నెల్లూరు పులుసుకే వంక పెడుతుందా ఈ గుప్పెడు పిల్ల అని కంచం ముందు నుంచి లేచిపోయాడు. పిల్ల ఏడ్చింది. ఇంటికి పోతానంది. ఇక్కడ గాలి కదలడం లేదు, నిద్ర పట్టడం లేదు, ఆ బంతి చూస్తే భయమేస్తోంది అంది. నాకు తిట్టాలనిపించింది, బస్సు గుర్తొచ్చి ఊరుకున్నాను. పక్కన కూర్చుని, తప్పు నాదే, దిద్దుకోవడానికి నాకు సాయం చెయ్యమ్మా అన్నాను. పిల్ల ముఖం కడుక్కుని వచ్చింది.

మర్నాడు పొద్దున మేం వెళ్లేసరికి మా అన్న లుంగీ ఎగ్గట్టి కళ్లం మధ్యలో నిలబడి ఉన్నాడు. బంతి ఇటివ్వు, నీ విసురు పిల్లకు అలవాటైపోయింది, నేను విసురుతా అన్నాడు. ఆ రోజు నుంచి పిల్లకు ఆయన మామ అయ్యాడు. ఆయన విసిరే విసురుకు ఒక లెక్కాపత్రం ఉండేది కాదు, అదే మంచిదైంది. నలభై రోజులకు ఆ పిల్ల వందకు తొంభై బంతులు పడుతోంది. వడ్ల రాశిలో పడినా ఇంట్లో కేకలు లేవు.

జూన్ సెలెక్షన్‌కు మా అన్న కూడా వచ్చాడు. అదే ఎర్రమట్టి నేల, అదే కోచ్. బంతి ఎత్తుగా వచ్చి ముందు పడిన ప్రతిసారీ పిల్ల రెండడుగులు ముందుకేసి లేవకముందే పట్టేసింది. ఒక్క గోలు పోయింది, అది ఎవరైనా వదిలేసే బంతే. పేర్లు చదివినప్పుడు మా అన్న గట్టిగా చప్పట్లు కొట్టి, ఎవరో చూశారని చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

క్యాంపులో నెలల తరబడి ఉంచి, చివరికి దేశం జట్టులో రెండో గోల్‌కీపరుగా విదేశానికి తీసుకెళ్లారు. రెండో కీపరంటే బెంచీ. మొదటి రెండు మ్యాచ్‌లూ అది కూర్చునే ఉంది. మూడోదే ఆఖరిది, ఆ తర్వాత ఇంటికే. ఆడని పిల్లను హాస్టలు వాళ్లు ఏం చూసి పిలుస్తారు? ఆ మధ్యాహ్నం స్కూల్లో పెద్ద టీవీ ముందు కూర్చున్నాను. పిల్లలు, సగం ఊరు, మా అన్నా వదినా. వాళ్ల నాయన పడవ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, కాళ్ల మీద ఉప్పు తెల్లగా ఎండిపోయి ఉంది. గుమ్మంలోనే నిలబడ్డాడు.

అక్కడ కుండపోత వాన. రెండో సగంలో మొదటి కీపరు చేయి బెణికి బయటికొచ్చింది. మా పిల్ల చేతి తొడుగులు వేసుకుంటూ లోపలికి పోయింది. అప్పటికే మన జట్టు ఒక గోలు వెనకపడి ఉంది.

కాసేపటికి అవతలి జట్టు మధ్య నుంచి బంతిని ఎత్తుగా కొట్టింది. మళ్లీ అదే బంతి. మన డిఫెండరు, వాళ్ల ఫార్వర్డు ఇద్దరూ అది పడి ఎగురుతుందని లెక్కేసుకుని దాన్ని దాటి పరుగెత్తారు. బంతి నీళ్లు నిలిచిన గడ్డిలో పడింది. ఎగరలేదు. అక్కడే చతికిలబడింది. వాళ్లిద్దరూ ఆగి వెనక్కు తిరిగేలోపు మా పిల్ల వచ్చేసింది. బంతి పడకముందే బయలుదేరింది. ఎదురుగా వెళ్లి, వంగి, వాళ్ల కాళ్ల దగ్గర నుంచి బంతిని రెండు చేతులా ఎత్తుకుని గుండెకు హత్తుకుంది.

గదిలో గోల మొదలైంది. గుమ్మం దగ్గర నుంచి వాళ్ల నాయన గొంతు వినిపించింది.

"అది మన ఇసుక మాదిరే గదా."

దాచడమెందుకు, మ్యాచ్ ఓడిపోయాం. ఇంకో గోలు మాత్రం పోలేదు. మూడు వారాలకు హాస్టలు నుంచి కబురొచ్చింది. వాళ్ల నాయన స్కూలుకొచ్చి, పెట్టెలో ఏమేం పెట్టాలో రాసివ్వమని కాగితం నా ముందు పెట్టాడు. నేను రాస్తుంటే అక్షరాలు కనబడలేదు, కళ్లద్దాలు మర్చిపోయానని అబద్ధం చెప్పాను. ఇప్పుడు ఒడ్డున గట్టి ఇసుకలో సగం మా ఆడపిల్లలది. ఈసారి నేను అడగలేదు, ఈల వేసి గీత గీశాను.

పిల్ల హాస్టలుకు పోయే ముందు రోజు నా దగ్గరకొచ్చింది. ఇద్దరం ఒడ్డున పాత కట్టెల దగ్గర కూర్చున్నాం. మనసులో ఉన్నది అడిగేశాను. ఒక ఎండాకాలమంతా ఎగురుతుందని నీకు నేర్పించాను కదా, ఆ వానలో అది పడకముందే ఎందుకు పరుగెత్తావే అన్నాను. పిల్ల కాలి వేళ్లతో ఇసుక తవ్వుతూ నవ్వింది.

"అది లేవదని నాకు తెలుసు మేడం. మీరే గదా నన్ను ఇక్కడ ఆడించింది."