చూడకుండా రాసిన బావి

పొద్దున ఆరు గంటలకు కర్నూలులో కడప బస్సెక్కాను. మైదుకూరులో దిగి, ప్రొద్దుటూరు మీదుగా ఎర్రగుంట్ల చేరాలి. ఆ పక్క పల్లెలో సిమెంటు ఫ్యాక్టరీ రెండో గని గురించి పన్నెండింటికి ప్రజాభిప్రాయ సేకరణ సభ. మా స్వచ్ఛంద సంస్థ తరఫున మాట్లాడమని నన్ను పంపారు. మొదటి గనికి అనుకూలంగా రిపోర్టు రాసింది నేనేనని వాళ్లకు తెలీదు.

నేను పాలసీ అనలిస్టును. ఎనిమిదేళ్లు ప్రభుత్వ ప్రణాళికా శాఖలో ఫైళ్లు రాశాను. తర్వాత హైదరాబాదులో ఒక ప్రైవేటు కన్సల్టెన్సీలో చేరాను. గని తవ్వినా చుట్టుపక్కల బావులకు ఢోకా లేదని అక్కడే, ఫ్యాక్టరీ ఇచ్చిన కాగితాలు చూసి రాసేశాను. ఊరి ముఖం చూడలేదు. అది మనసును తొలుస్తుంటే ఆ ఉద్యోగం మానేసి ఈ సంస్థలోకి వచ్చాను. ఎందుకు మానేశానో ఎవరికీ చెప్పలేదు.

ఎనిమిదింటికి నంద్యాలలో ఇడ్లీ తెచ్చుకున్నాను గానీ సయించలేదు. అక్కడ ఎక్కిన ఒక పెద్దామె నా పక్కన కూర్చుంది. పేరు మరియమ్మ. కూతురి కాన్పు చూసి వస్తోంది.

"యాడికి పోతాండావమ్మా?"

సభకని చెప్పాను.

"మా ఊరికేనా! నేనూ దానికే పోతాండా. గని తవ్వినంక మా బాయి ఎండిపాయ. కాయలు కాసే చీనీ చెట్లు కొట్టి పొయ్యిలో పెట్టుకుంటిమి. బాయిలకు ఏం కాదని ఎవరో మేడమ్ రాసిందంట. యాడ కూర్చోని రాసిందో!"

పేరు అడుగుతుందేమోనని నిద్రపోతున్నట్టు నటించాను. మైదుకూరులో దిగేసరికి ఎదురుగా కర్నూలు బస్సు కదలబోతోంది. ఎక్కేద్దామనిపించింది. ఈలోగా మరియమ్మ నా చెయ్యి పట్టుకుని ప్రొద్దుటూరు బస్సెక్కించింది.

సభ జరిగే షామియానా చుట్టూ పోలీసులున్నారు. ఫ్యాక్టరీ ప్రతినిధి నా రిపోర్టును నా పేరుతో సహా చదివాడు. నా వంతు రాగానే లేచి మైకు అందుకున్నాను.

"ఆ పేరు నాదే. ఈ ఊరు చూడకుండా రాశాను. తప్పు చేశాను. ఆ రిపోర్టును పక్కన పెట్టండి."

ఊరివాళ్లలో ఒకాయన కుర్చీ తన్నేసి నా మీదికి వచ్చాడు. పోలీసులు ఆపారు. సభ నడిపే అధికారి నా మాటలు రాయించుకుని సంతకం పెట్టించుకున్నాడు. నీళ్ల సంగతి మళ్లీ పరిశీలించాకే గని మాట అన్నాడు. "లాయరు నోటీసు వస్తుంది మేడమ్," అని ఫ్యాక్టరీ ప్రతినిధి నవ్వుతూ చెప్పిపోయాడు.

మరియమ్మ ఎదురొచ్చింది. "బస్సులో ఎందుకు చెప్పకపోతివి?"

"భయమేసిందమ్మా."

ఆమె తిట్టలేదు. ఎండలో చేనుగట్ల వెంట తన బావి దగ్గరికి తీసుకెళ్లింది. వంగి చూశాను. అడుగున బురద ఎండి నెర్రెలిచ్చింది.

"ఇప్పుడు రాయి," అంది.

అక్కడే గట్టు మీద కూర్చుని రాశాను.

నాలుగు గంటలకు తిరుగు బస్సు. మూడు రకాల కొలువుల్లోనూ ఎన్నో ఊళ్ల గురించి రాశాను. రాసిన ఊరికి వెళ్లడం ఇదే మొదటిసారి. ఈ పనిలో ఉన్నవాళ్లు ముందు బస్సెక్కండి, తర్వాత రాయండి. నోటీసు వస్తుందని, ఉద్యోగం పోతుందని దారి పొడుగునా అదే ఆలోచన. ఆళ్లగడ్డ దాటాక మా సంస్థ డైరెక్టరు ఫోన్ చేశాడు. ఎత్తాను.

"ఆ రిపోర్టు మీదేనంట, నిజమేనా?"

"నిజమే సార్. నేనే రాశాను," అన్నాను.