మానేరు నీళ్ల మీద పాత ఇంజను

మృగశిర కార్తె ముందు రోజు మా తమ్ముడి బోటింజను మొరాయించింది. తంగళ్ళపల్లి పక్కన మానేరు నీళ్లు నిలిచిన చోట వాడు చేపలు పడతాడు. మృగశిర నాడు సిరిసిల్లలో చేపల కూర వండని ఇల్లుండదు. వలలేమో అవతలి ఒడ్డు దగ్గరున్నాయి. పొద్దుటి నుంచీ ఎదురుగాలి. తెడ్డు వేసుకుంటూ పోయే దూరం కాదు.

నేను మరమగ్గాలకు కండెలు చుడతాను. ఆ రోజు పని నుంచి వచ్చి వాడికి సద్ది తీసుకుపోతే, ఇంజను ముందు తల పట్టుకుని కూర్చున్నాడు. బోటు వెనక తగిలించే రెండు ప్లగ్గుల పాత ఇంజను అది. తాడు లాగీ లాగీ వాడి అరచెయ్యి బొబ్బలెక్కింది.

"మెకానిక్కును పిల్వలేదారా?"

"పిలిచిన అక్కా. బండ్లయితే చేస్త గని గిది నాకు తెల్వదన్నడు. కొత్త ప్లగ్గులు గూడ ఏసి చూసిన. ఉలుకు లేదు, పలుకు లేదు."

మా ఆయన దుబాయిలో బోట్లు బాగుచేసే షెడ్డులో పనిచేస్తాడు. వీడియో కాల్ చేశాను. అన్నం ముందు కూర్చున్న మనిషి కంచం పక్కకు జరిపాడు. తాడు లాగడానికి తమ్ముడు కావాలి కనుక పానా నా చేతికొచ్చింది.

"ముందుగాల పెట్రోలు డబ్బా దూరం పెట్టు. ప్లగ్గు ఇప్పి, వైరు తగిలిచ్చి, ఇంజను ఇనుముకు ఆనిచ్చి పట్టు. తాడు గుంజితే దాని కొసకు నిప్పురవ్వ రావాలె. రబ్బరు మీదనే చెయ్యి పెట్టు, లేకుంటే షాక్ కొడ్తది."

తమ్ముడు లాగాడు. ఎండకు కనిపించడం లేదేమోనని తువ్వాలు అడ్డం పట్టి మళ్లీ చూశాను. రెండు ప్లగ్గుల్లోనూ రవ్వ లేదు.

"రెండూ ఒక్కపారే చచ్చినయంటే, గా బందు చేసే స్విచ్చి మీదనే నాకు అనుమానం. దాని వైరు ఊడదియ్యి."

ఆ వైరు ఇనుముకు తగిలితే ఇంజను ఆగిపోతుందట. ఆపడానికే దాన్ని అట్లా పెట్టారట. దాన్ని వెంబడించి చూస్తే, పైమూత కింద నలిగి తోలు లేచి, లోపలి రాగి ఇనుమును అంటుకుని ఉంది. విడదీసి తమ్ముణ్ని లాగమన్నాను. పై ప్లగ్గు కొసన నీలంగా టిక్కుమని మెరిసింది.

"అచ్చింది!" అని అరిచాను.

కింది ప్లగ్గు మాత్రం అట్లాగే ఉంది. "దానికి రవ్వ పుట్టిచ్చే కాయిల్ పోయినట్టుంది. గంత పాత దానికి కాయిల్ దొరుకుడు కష్టమే," అన్నాడు మా ఆయన. ఇంతలో షెడ్డులో ఎవరో పిలిచారు. ఫోన్ పెట్టేశాడు.

తమ్ముడు నీళ్ల వైపు తిరిగి కూర్చున్నాడు. నాకు మాత్రం లేవబుద్ధి కాలేదు. ఒకటి పనిచేస్తోంది, ఒకటి చేయడం లేదు. రెండింటికీ తేడా ఏమిటి? రెండు కాయిళ్లనూ పక్కపక్కన పెట్టుకున్నట్టు చూశాను. పైదాన్ని బిగించిన బోల్టు తెల్లగా ఉంది, దాని కింది వైరు ఇనుముకు గట్టిగా ఆని ఉంది. కిందిదాని బోల్టు తుప్పుతో ఉబ్బింది, దాని కింది వైరు పచ్చటి చిలుము పట్టి ఇనుముకు సరిగా ఆనడం లేదు. బోల్టు ఊడదీసి, చేపల పొలుసు గీకే కత్తితో వైరూ ఇనుమూ తళతళలాడేదాకా గీకి, మళ్లీ గట్టిగా బిగించాను.

"ఇంకొక్కపారి గుంజురా."

"చేతులు పోయినయక్కా."

"గుంజుమన్న!"

టిక్కు. కింది ప్లగ్గులోనూ నీలం రవ్వ!

నలిగిన వైరుకు టేపు చుట్టి, స్విచ్చికి మళ్లీ తగిలించాను. ప్లగ్గులు బిగించాం. ఈసారి తాడు నేనే పట్టుకున్నాను. మొదటి లాగుకు దగ్గింది. రెండో లాగుకు గుప్పున పొగ వదిలి, ఒడ్డంతా దద్దరిల్లేలా అందుకుంది. తమ్ముడు ఈల వేశాడు. ఒడ్డు మీద కాస్త దూరంలో వలలు అల్లుకుంటున్న వాళ్లు లేచి నిలబడి చూశారు.

చీర కుచ్చిళ్లు ఎగదోపి బోటెక్కాను. నడినీళ్లలోకి వచ్చాక తమ్ముడు పక్కకు జరిగి ఇంజను పిడి నాకిచ్చాడు.

"పట్టుకో అక్కా. నువ్వే నడుపు."

గాలి మొహాన కొడుతుంటే, ఆ గాలికే ఎదురుగా బోటును వలల దాకా నేనే తోలాను.