చివరి వరసలో అమ్మ చెయ్యి

నా చిన్నప్పుడు మా ఇంట్లో భాగహారం రోజూ ఒక గొడవ. ప్రైవేటులో మాస్టారు ఎక్కాలు వల్లె వేయించేవారు, నేను గడగడా అప్పజెప్పేదాన్ని. లెక్క ఇస్తే మాత్రం పలక ఖాళీ. పలాసలో జీడిపిక్కలు కొట్టి, జీడి అంటి నల్లబడిన వేళ్లతో ఇంటికొచ్చిన అమ్మ ఆ పలక చూసి తల బాదుకునేది.

"ఏటే, బుర్ర ఎక్కడెట్టినావు? ఈ పరీచ్చ కూడా పోతే బడి మానిపించి నాతోటి పిక్కలు కొట్టడానికి తోలుకుపోతాను, సూడు!"

అది ఉత్త బెదిరింపు కాదు. మా అక్క అప్పటికే అమ్మతో వెళ్తోంది.

ఊరి రామమందిరంలో శనివారం భజన నడిపేది మా తాతయ్య. ఒక వారం ప్రసాదం కొబ్బరిముక్కల పళ్లెం నా చేతికిచ్చి పంచమన్నారు. దేవుడి పళ్లెం పట్టుకున్న గర్వంతో ముందు కూర్చున్నవాళ్లకు గుప్పిళ్లతో పెట్టేశాను. చివరి వరసకు వచ్చేసరికి ఒక్క ముక్క లేదు. అక్కడ, పని నుంచి నేరుగా వచ్చిన అమ్మ చెయ్యి చాచి ఉంది.

"లెక్క రానిదాని సేతికి పళ్లెం ఇచ్చినారేటి, మావయ్యా!" అని విసుక్కుంది అమ్మ. అందరూ నవ్వారు. తాతయ్య నవ్వలేదు.

"ఆఖరోలికి అందకపోతే అది పెసాదం కాదమ్మా. వచ్చీ వారం కూడా నువ్వే పంచాల," అన్నారు నాతో.

మరుసటి శనివారం ముందే మనుషులను లెక్కపెట్టాను. పద్దెనిమిది మంది. ముక్కలు యాభై ఎనిమిది. మనిషికొకటి చొప్పున పెడుతూ మూడుసార్లు తిరిగాను, నాలుగు మిగిలాయి. తాతయ్య వాటిని పిట్టలకు వేయించి, పలక తెప్పించి, యాభై ఎనిమిదిని పద్దెనిమిదితో భాగించమన్నారు. నేను వరసల వంక చూస్తూ రాసేశాను.

అమ్మ పలక చూసి, "కన్నతల్లికి కూడా మూడేనేటే?" అంది. పిక్కల మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు మా మనవరాలికి రెండు ట్యూషన్లు, ఫోనులో ఇంకో పాఠం. అవన్నీ అయ్యాక మా అమ్మాయి పుస్తకం ముందేసుకుని అరుస్తుంది, పిల్ల ఏడుస్తుంది, నాకు ఒళ్లు మండుతుంది. "ఎన్నిసార్లు చెప్పాలమ్మా దీనికి?" అంటుంది. చెప్పడం సరేనే, దానికి అందిందా లేదా చూడు, అని నేనూ అరుస్తాను. ఇన్నేళ్లుగా మందిరంలో కూర్చుని ఎన్నో మంచి మాటలు విన్నాను. కానీ ఎవరికేం చెప్పబోయినా, ముందు నాకు కనిపించేవి చివరి వరసలో చాచి ఉన్న ఆ నల్లటి వేళ్లే.