మూతికి కట్టని గుడ్డ

మొన్న మా మనవడు గిద్దలూరు నుంచి మార్కాపురానికి బండి మీద బయలుదేరుతూ, దండెం మీద ఆరేసిన పెళ్లాం చున్నీ లాగి ముక్కుకూ మూతికీ చుట్టుకున్నాడు. గులాబీ రంగు చున్నీ, దానికి తళుకులు కూడా. నోరూరుకోక "ఏందిరా అది, నలుగురూ నవ్వరా?" అన్నాను. "దుమ్ము అవ్వా. నవ్వేదానికి ఏముండాది దీంట్లో?" అని బండి ఎక్కి పోయాడు. ఎదురింటి అరుగు మీద నలుగురు మగవాళ్లు కూర్చునే ఉన్నారు. ఒక్కడూ నవ్వలేదు, అసలు తలెత్తి చూడనే లేదు. సంతోషించాల్సిన మాటే. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఇంత సులువైన పనా ఇది? మరి మా అన్న చేస్తే ఎందుకు కాలేదు?

అప్పట్లో మేం కర్నూలు జిల్లా కింద ఉండేవాళ్లం. మార్కాపురం పక్కన పల్లె, కాస్త మెట్ట చేను, గొర్రెలు. వరసగా రెండేళ్లు వానలు మొహం చాటేస్తే, ఒక్క మేకను మిగుల్చుకుని మందంతా అమ్మేశాం. అన్న పలకల ఫ్యాక్టరీలో చేరాడు. గని నుంచి వచ్చిన రాతి పొరలను మిషన్ రంపం కింద పెట్టి పలకలుగా కోసే పని. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమలు, చెవుల మీద వెంట్రుకలు, అన్నీ బూడిద రంగు. పిండి మరలో పడి లేచినట్టున్నాడని అమ్మ రోజూ నవ్వేది. వదిన అప్పుడే కాపురానికి వచ్చింది. మామ ఎదుట నోరు విప్పేది కాదు. ఒకనాడు పెరట్లో అన్న ఉమ్మింది చూసింది. అది కూడా పలక రంగే. ఆ పూటే తన పాత పువ్వుల చీర చించి, జానెడు ముక్కకు రెండు వైపులా నాడాలు కుట్టింది. పొద్దున్నే తడిపి, పిండి, సద్దిగిన్నె మీద పెట్టి ఇచ్చింది. నాలుగు రోజులు అన్న దాన్ని కట్టుకునే పని చేశాడు. రాత్రిళ్లు దగ్గు తెరిపిచ్చిందని వదినతో చెబుతుంటే విన్నాను.

ఇక మా నాయన సంగతి చెప్పాలి. ఇంట్లో పిల్లల అన్నంలోకి దొరకని వెన్న ఆయన మీసానికి దొరికేది. అత్తగారింటివాళ్లు పెట్టిన గొడుగు ఒకటుండేది. దాన్ని మూసే చంకలో పెట్టుకుని మండుటెండలో పొదిలి దాకా నడిచి వచ్చేవాడు. గొడుగు విప్పడం ఆడవాళ్ల పనట. అప్పుడు మాకది వేడుకగా ఉండేది.

ఐదో రోజు తోటి పనివాళ్లు అన్న సద్దిగిన్నెలో అరడజను ఎర్ర గాజులు పెట్టి పంపారు. వాళ్లను తిట్టాల్సింది పోయి, నాయన ఆ గుడ్డ లాక్కుని మా మేక మూతికి కట్టాడు. "మగ పుటక పుట్టి ముసుగేసుకుంటావా? మీ తాత కాల్లో ముల్లు దిగినా మూలగలేదు. దుమ్ముకు బయపడేటోడివి, ఈ గాజులు నువ్వే తొడుక్కో" అన్నాడు. మేక తల విదిలించి, తుమ్మి, గిర్రున తిరిగింది. ఇల్లంతా పగలబడి నవ్వింది. పద్నాలుగేళ్లదాన్ని, అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. అన్న కూడా నవ్వాడు. వదిన మాత్రం పోయి మేక మూతి నుంచి గుడ్డ విప్పుకుని, ఉతికి ఆరేసింది.

మర్నాడు మళ్లీ తడిపి సద్దిగిన్నె మీద పెట్టింది. సాయంత్రం అది ఎండిపోయి, పెట్టిన మడత పెట్టినట్టే తిరిగొచ్చింది. ఆ మర్నాడూ అంతే. ఆరేళ్లు ఆమె తడపడం మానలేదు, అన్న కట్టుకోలేదు. చివరి ఏడాది అన్న పడుకోలేకపోయేవాడు. గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. చచ్చిపోయేనాటికి ముప్ఫై ఒక్క ఏళ్లు. ఆ గుడ్డ ఒక్కటే బతికించేదని నేననను. రంపం ముందు కూర్చోబెట్టిన యజమానికీ ఇందులో పాలుంది. కానీ కట్టుకోనిచ్చి చూడాల్సింది కదా!

శవాన్ని ఎత్తేటప్పుడు నాయనకు ఏడుపు ఆగలేదు. మగవాడు ఏడవడం నలుగురి కంట పడకూడదు కాబట్టి, భుజం మీది తువ్వాలు తీసి ముక్కుకూ మూతికీ అడ్డంగా గట్టిగా బిగించుకున్నాడు. అన్నేళ్లూ ఆయన ఎదుట పెదవి విప్పని వదిన అందరి ముందూ లేచి నిలబడింది. "ఇప్పుడు కట్టుకుంటివా మామా గుడ్డ? నీ కొడుకు కట్టుకుంటే మేకకు కడితివి గదా" అంది. నాయన తువ్వాలు తియ్యలేదు.

ఆయన మంచివాడే, ఆ కాలం అట్లాంటిదని ఇప్పటికీ మావాళ్లు సర్దిచెబుతారు. నేను ఒప్పుకోను. కాలం వచ్చి మేక మూతికి గుడ్డ కట్టలేదు, మా నాయన కట్టాడు. కాలం నవ్వలేదు, నేను నవ్వాను. ఆ నవ్వు మానడానికి మాకు అరవై ఏళ్లు పట్టింది. మా అన్న చేతిలో ఆరేళ్లే ఉన్నాయి.