తొంభై తొమ్మిదితో పోయే నంబరు

మొగుడి ఫోన్ నంబరు మరిచిపోయి నేను బాల్కనీలో ఇరుక్కున్నానని మా చుట్టాల్లో ఒక కథ తిరుగుతోంది. అబద్ధం. నేను ఇరుక్కోవడానికీ నంబరుకూ సంబంధమే లేదు. నంబరు మరిచిపోనూ లేదు. చివరి రెండంకెలు అరవై ఏడా, డెబ్బై ఆరా అన్న దగ్గర ఆగాను, అంతే.

మహదేవపురలో మాది మూడో అంతస్తు. ఆ పొద్దున స్టవ్ మీద పాలు పెట్టి, బాల్కనీలో దుప్పటి ఆరేస్తున్నాను. ఆయన ఆఫీసుకు బయల్దేరుతూ, పావురాలు లోపలికొస్తాయని రోజూ చేసినట్టే, బాల్కనీ తలుపుకు లోపల్నించి గడియ పెట్టాడు. నేను తలుపు బాదేలోపే వీధి తలుపు కూడా పడింది. దాని తాళం దానంతటదే పడుతుంది. ఇంట్లో ఇంకెవరూ లేరు. నా ఫోన్ లోపల బల్ల మీద. ముందు ఇనుప గ్రిల్, వెనక అద్దం, మధ్యలో నాలుగడుగుల చోటు. అద్దంలోంచి స్టవ్ మంట నీలంగా కనిపిస్తూనే ఉంది.

పక్కన కడుతున్న బిల్డింగులో, మా ఎత్తులోనే, అనంతపురం వైపు నుంచి పనికొచ్చినామె గోడలకు నీళ్ళు కొడుతోంది. అరిచి సంగతి చెప్పాను.

"నెంబరు చెప్పక్కా, కొడ్తా."

ఎనిమిదంకెలు చెప్పి ఆగాను.

"ఇంగా రెండుండాయి గదక్కా?"

"ఉండమ్మా, లెక్క చేస్తున్నా."

"మొగుని నెంబరుకు లెక్కేందక్కా! ఆడ పాలు పొంగుతాండాయి!"

నవ్వితే నవ్వండి. నేను చదివింది బీయస్సీ లెక్కలు. కంటబడిన ప్రతి నంబరునూ భాగించి చూడటం నాకో రోగం. ఆ పదంకెల నంబరు నా చేతికొచ్చిన రోజే చూశాను, తొంభై తొమ్మిదితో శేషం లేకుండా పోతుంది. అలాంటి సంఖ్యను కుడి నుంచి రెండేసి అంకెలుగా విడగొట్టి కూడితే, ఆ మొత్తం కూడా తొంభై తొమ్మిదితో పోవాల్సిందే. తెలిసిన నాలుగు జతలు కూడితే 230. మాడు వాసన వస్తుంటే మళ్ళీ కూడాను. 230. ఆ పైన తొంభై తొమ్మిదితో పోయేది 297. తేడా అరవై ఏడు. డెబ్బై ఆరుకు చోటే లేదు.

తెలియని నంబరని ఆయన రెండుసార్లు కట్ చేశాడు. మూడోసారి ఎత్తి, "పార్సిల్ సెక్యూరిటీ దగ్గర పెట్టప్పా" అని పెట్టేశాడు. నాలుగోసారి ఆమె ఊపిరి తీసుకోనివ్వలేదు. "పార్సిలు కాదు సారూ, మీ యింటామె! బాల్కనీలో ఇరుక్కోనుండాది! మీ నెంబరుకు లెక్కలేసి చెప్పింది!"

ట్రాఫిక్ దాటుకుని ఆయన వచ్చేసరికి ముప్పావుగంట. ఇల్లంతా పొగ. పాలగిన్నె అడుగు కాలి ఎర్రబడింది. ముందు స్టవ్ ఆపి, తర్వాత గడియ తీసి, దగ్గుతూ ఆయన అన్న మొదటి మాట: "నా నంబరు కూడా గుర్తులేదా నీకు?"

కథ అక్కణ్ణుంచే మొదలైంది. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఆయనే చెప్పి నవ్విస్తుంటాడు. గడియ సంగతి మాత్రం చెప్పడు. నేను అడిగితే, "హడావిడిలో ఉన్నాలేవే" అంటాడు. అది జవాబు కాదు. పాలు పొయ్యి మీద ఉన్నాయి, నా చెప్పులు గుమ్మంలో ఉన్నాయి. మరి ఆ గడియ పెట్టేటప్పుడు, నేను ఎక్కడున్నాననుకున్నాడు?